పదకొండో పలుకు

"చెప్పెయ్," అన్నాను. "నాలుగు మాటలు. చెప్పేసి తిను. మూడింటికి బస్సుంది."

మియెన్ తల ఎత్తలేదు.

చాప మీద తాంబాళం చుట్టూ నలుగురం కూర్చున్నాం. వండిన చేప మీద నూనె గడ్డకడుతోంది. ఉడికించిన తూటికూర నీరు వదిలేసింది. ఆదివారం మధ్యాహ్నం. శుక్రవారం ఉదయం నుంచి మా అత్తయ్య ఈ తాంబాళం దగ్గర తినే పుల్లలు ముట్టుకోలేదు. ఇది మూడో రోజు.

కోపం లేదు, అలక లేదు. పూటపూటకూ వచ్చి కూర్చుంటుంది. అందరం తిన్నాక లేచి వెళ్లి గంజినీళ్లు తాగుతుంది. "తాగేదానికి పిలుపు అక్కర్లేదు," అంటుంది. డెబ్బై ఐదేళ్ల మనిషి గంజినీళ్ల మీద ఎన్నాళ్లు నిలుస్తుంది? నిన్న సాయంత్రం బావి దగ్గర గోడ పట్టుకుని నిలబడింది. నేను చూశాను. నేను చూశానని ఆమె కూడా చూసింది.

ఇదంతా మూడు రోజుల సెలవుకు హాస్టల్ నుంచి వచ్చిన నా కూతురు, తాంబాళం ముందు కూర్చోగానే పెద్దల్నెవర్నీ భోజనానికి పిలవకుండా అన్నం నోట్లో పెట్టుకున్నందుకు.

"ఇందులో ఏముందమ్మా?" అంది మియెన్. "అన్నం ఎదురుగా ఉంది. ఆకలి అందరికీ ఉంది. నేను 'నానమ్మా భోంచేయండి' అనకపోతే నానమ్మకు అన్నం కనిపించదా? పూటకు నలభై సెకన్లు. రోజుకు రెండు పూటలు. డెబ్బై ఏళ్లకు ఎంతవుతుందో తెలుసా? ఇరవై మూడు రోజులు. నానమ్మ బతుకులో ఇరవై మూడు రోజులు ఆ ఒక్క మాటకే పోయాయి."

"ఇరవై మూడేనా?" అంది అత్తయ్య. "ఇంకా ఎక్కువనుకున్నా."

నాకు నవ్వొచ్చింది. మా ఆయన ఖాయ్‌కు రాలేదు. గిన్నె ఠప్పున కింద పెట్టాడు.

"ఆ పట్నం బళ్లో వేసింది లెక్కలు నేర్పడానికి. పెద్దవాళ్ల మీద నోరు చేసుకోడానికి కాదు. పిలుస్తావా, లేదా?"

"గట్టిగా అరవకండి," అన్నాను. "రేపు పొద్దున్నే దానికి పరీక్ష."

ఆ పరీక్ష మామూలుది కాదు. అందులో నెగ్గితే వియత్నాం తరఫున లెక్కల పోటీకి వెళ్లే జట్టుకు మొదటి మెట్టు. నేను బాతుగుడ్ల వ్యాపారిని. సరుకు ఏ రోజు ఏ చేతికి వెళ్లాలో ఎరిగినదాన్ని. పరీక్ష ముందురోజు పిల్లను ఏడిపించడం, గుడ్ల బండిని రాళ్లదారిలో పరిగెత్తించడం ఒకటే. అందుకే బేరంలోకి దిగాను.

"బంగారూ, నాకోసం అనెయ్. నీకు నమ్మకం లేకపోయినా ఫరవాలేదు."

మియెన్ నావైపు చూసింది. తర్వాత ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్క ఊపిరిలో అనేసింది. "నానమ్మా భోంచేయండి నాన్నా భోంచేయండి అమ్మా భోంచేయండి."

అందరం అత్తయ్య చేతుల వైపు చూశాం. చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ఇంకా పచ్చిగానే ఉందమ్మా," అంది మనవరాలితో మెల్లిగా. "ముగ్గనీ."

"మరి నేను హాస్టల్లో ఉన్నప్పుడు తింటున్నావుగా!" మియెన్ గొంతు పెరిగింది. "నేను లేకపోతే అమ్మ మొదలుపెడుతుంది. నువ్వు తింటావు. ఈ మూడు రోజులూ అమ్మ పిలుస్తూనే ఉంది. మరి తినవేం?"

"నువ్వు లేనప్పుడు లేవు. కింది మెట్టు మీ అమ్మ. ఎదురుగా కూర్చుని కూడా నీ మెట్టు లేకపోతే, ఎక్కడ కాలు పెట్టను?"

మియెన్ తాంబాళం అంచు మీద వేలితో గీతలు గీసింది. దానికి తెగని లెక్క నేను చూడటం అదే మొదటిసారి. నాలుగేళ్లప్పుడు, కొట్లో పేర్చిన ఆరువందల గుడ్లను గుమ్మంలోంచి ఒక్కసారి చూసి "రెండు తక్కువున్నాయి" అన్న పిల్ల అది. లెక్కపెట్టాను. రెండు తక్కువున్నాయి. ఆ రోజు నుంచి నాకు నా కూతురంటే కొంచెం భయం.

ఆ భయంతోనో ఏమో అనకూడని మాట అనేశాను. "అంత తెలివైన పిల్లల మధ్య ఉంటున్నావు. వాళ్లెవరికీ ఈపాటి మర్యాద లేదా? వాళ్లను చూసైనా నేర్చుకోవచ్చుగా?"

మియెన్ ముఖం ఎర్రబడింది.

"వాళ్లను చూసే నేర్చుకున్నా! మొదటి రోజు సాయంత్రం నేను పిలిచానమ్మా. మా గదిలో నాతో కలిపి ఎనిమిది మందిమి. ఏడుగుర్నీ పేరుపేరునా పిలిచా. ఎవరూ పలకలేదు. తర్వాత నవ్వారు. నెల్లాళ్లు నేను పళ్లెం పట్టుకుని వస్తే చాలు, 'రాజమాతగారూ, భోజనానికి దయచేయండి' అని లేచి నిలబడేవాళ్లు. అప్పుడే ఆలోచించా. ఆ మాట వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. అన్నవాళ్లే వెర్రివాళ్లవుతారు."

 బయట బాతులు అరుస్తున్నాయి.

మూడు నెలలుగా వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాను. ఎన్ని మార్కులని అడిగాను. తిన్నావా అని అడిగాను. ఎవరితో తిన్నావని ఒక్కసారీ అడగలేదు.

అత్తయ్య మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. మనవరాలి తల మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టి, పెరటి గుమ్మం వైపు నడిచింది. ఖాయ్ తాంబాళం మీద వెదురుబుట్ట బోర్లించాడు. ఎవరి అన్నం వాళ్ల గిన్నెలో అలాగే ఉండిపోయింది.

*

మనసు బాగోలేనప్పుడు నేను గుడ్లు చూస్తాను.

పెరటిగుమ్మం పక్కనే చీకటిగది. కిటికీ లేదు. రేకుడబ్బాలో బల్బు, డబ్బాకు గుడ్డు పట్టేంత కంత. ఆ కంత దగ్గర గుడ్డు పెట్టి తిప్పితే లోపల ఉన్నది కనిపిస్తుంది. తాజాది లేత నారింజరంగులో వెలుగుతుంది. పిండం కట్టినదాంట్లో సాలెగూడులా ఎర్రటి నరాలు. పాడైనది నల్లగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఇదే నా పని. ఏ గుడ్డయినా నన్ను మోసం చేయలేదు.

పలకల గోడకు అవతల గుమ్మంలో అత్తయ్య కూర్చున్న అలికిడి. తాంబూలం దంచుతోంది. కాసేపటికి చిన్న అడుగుల చప్పుడు. నేను గుడ్డు పట్టుకున్న చెయ్యి కదల్చలేదు.

"నానమ్మా, ఒకటడగనా?"

"అడుగు."

"మేమందరం పిలిచాక, పుల్లలు ఎత్తేముందు నువ్వు కాసేపు ఆగుతావు. పెదవులు కదులుతాయి. శబ్దం రాదు."

దంచడం ఆగింది.

"నేను ఆరేళ్లప్పుడు లెక్కపెట్టా. పదిసార్లు. ఏ పూటైనా పదే. తాతయ్య పోయాక పదకొండయింది. అప్పట్నుంచి పదకొండే." మియెన్ ఆగింది. "నువ్వు కూడా పిలుస్తున్నావు కదా? పోయినవాళ్లను?"

నా చేతిలో గుడ్డు వేడెక్కిపోతోంది. పదిహేడేళ్లుగా ఆ తాంబాళానికి ఎదురుగా కూర్చుంటున్నాను. అత్తయ్య చేప ముక్కలో ఏ భాగం తీసుకుంటుందో నాకు తెలుసు. ఆమె పెదవులు కదలడం నేనెప్పుడూ చూడలేదు. రోజుకు ఆరువందల గుడ్ల లోపల చూసే మనిషిని!

"ఇన్నాళ్లూ అడగలేదేమే?" అంది అత్తయ్య.

"లెక్క తెలిసిపోయిందిగా. ఇంక అడగడం ఎందుకనుకున్నా."

అత్తయ్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వులో దగ్గొచ్చింది. "లెక్క తెలిసిందట! చూడు దీని తెలివి!"

"చెప్పు నానమ్మా. మేం పిలిస్తేనే నువ్వు పిలవాలా? మేం పిలవకపోయినా నువ్వు వాళ్లను పిలవచ్చుగా?"

"ఎలా పిలుస్తానే? నువ్వు మీ అమ్మానాన్నల్నీ నన్నూ పిలుస్తావు. మీ అమ్మ మీ నాన్ననీ నన్నూ పిలుస్తుంది. మీ నాన్న నన్ను పిలుస్తాడు. నా దాకా వస్తే కదా, నేను పైకి అందించేది? కిందనుంచి నీళ్లు తోడకపోతే పై మడి తడుస్తుందా?"

గోళ్లు కొరుకుతున్న చిన్న చప్పుడు వినిపించింది. దాని బుర్రలో ఏం జరుగుతోందో నాకు తెలుసు. ఏ లెక్కయినా చేతికి దొరికినప్పుడు అలాగే కొరుకుతూ కూర్చుంటుంది.

"అంటే," అంది చివరికి, గొంతు చిన్నదై, "శుక్రవారం నుంచి వాళ్లెవరికీ..."

"వాళ్లకు అలవాటేలే. బతికున్నప్పుడూ అంతేగా."

"ఎవరెవరు?"

అత్తయ్య ఒక్కొక్కరినీ చెప్పింది. మా మామగారు. ఆయన తల్లి, తండ్రి. తన అమ్మ. నాన్న. నానమ్మ. ఇద్దరన్నలు. ఒక అక్క. ఒక మేనత్త. చివరి ఏడుగురూ నలభై ఐదులో, కోడి ఏడు అని పిలిచే ఏటి కరువులో మూడు నెలల్లో పోయినవాళ్లు. అప్పుడు అత్తయ్యకు ఏడేళ్లు. కరువులో ఇంట్లో చాలామంది పోయారని ఏటా తద్దినాలు పెడుతుంటే తెలుసు గాని, ఇలా వరసగా, వేళ్లు ముడుస్తూ చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

"పది," అంది మియెన్. "ఒకరు తక్కువ."

అత్తయ్య లేచి వెళ్లి తాంబూలం ఉమ్మేసి వచ్చింది. మళ్లీ కూర్చుంది.

"వాడు పోయాడో ఉన్నాడో తెలీదు. తెయో. నా తమ్ముడు. నాలుగేళ్లు."

నేను బల్బు ఆర్పేశాను. ఎందుకో తెలియదు.

"ఆ ఏడు గిన్నెలో ఏదన్నా ఉన్నవాళ్లు గోడవైపు తిరిగి తినేవాళ్లమ్మా. దొరికింది అరటిదుంపో, తవుడో. ఎవరి మొహమన్నా చూస్తే పిలవాలి. పిలిస్తే వాళ్లు వస్తారు. అందుకని గోడకు తిరిగి తినేవాళ్లు. మా నాన్న అలా తినడం చూశా. నేనూ తిన్నా. ఒక రోజు ఉప్పు అమ్మే పడవామె వచ్చింది. ఆమెకు పిల్లల్లేరు. తెయోను అడిగింది. మా అమ్మ ఇచ్చేసింది. అక్కడైతే బతుకుతాడని. ఆమె వాడికి పెద్ద గిన్నె నిండా గంజి పోసింది. నిజం అన్నం మెతుకులున్న గంజి."

"తిన్నాడా?"

"వాడికి మర్యాద బాగా వంటబట్టింది. మా నానమ్మ నేర్పింది. గిన్నె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని పిలిచాడు. 'నాన్నా, భోంచేయండి. అమ్మా, భోంచేయండి. అక్కా, భోంచేయండి.' అప్పటికి మిగిలిన మేం ముగ్గురం గోడవైపు తిరిగున్నాం. ఎవరం పలకలేదు. పలికి ఇటు తిరిగితే వాడి గిన్నె లాక్కుంటామని భయం. వాడు మళ్లీ పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. 'ఆఁ, తిను' అని ఒక్కరన్నా అంటేనేగా వాడు తినేది! ఆ గిన్నె అలాగే పట్టుకుని పడవెక్కాడు."

తాంబూలం దంచే చప్పుడు మళ్లీ మొదలై ఆగింది.

"పదకొండోది పిలుపు కాదే," అంది అత్తయ్య. "జవాబు. 'ఆఁ, తిను నాన్నా' అంటా. అరవై ఎనిమిదేళ్లుగా పూటపూటకూ అంటున్నా. వినపడిందో లేదో."

మియెన్ ఏడుపు నాకు వినిపించింది. పదేళ్లు దాటాక అది ఏడవడం నేను వినలేదు. పోటీలో ఓడిపోయినప్పుడు కూడా పళ్లు బిగించిన పిల్ల.

"నాకు తెలుసు నానమ్మా," అంటోంది, ఎక్కిళ్ల మధ్య. "పిలిస్తే ఎవరూ పలక్కపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాడికి..."

మిగతాది అత్తయ్య ఒళ్లో కలిసిపోయింది.

*

ఒంటిగంటకు మళ్లీ తాంబాళం చుట్టూ కూర్చున్నాం. నేను చేప వేడిచేశాను. ఖాయ్‌కు ఏమీ చెప్పలేదు. ఆయన మా మొహాలు చూసి ఏమీ అడగలేదు. ఆయనలో ఉన్న గొప్ప గుణం అదొక్కటే.

మియెన్ చేతులు ఒళ్లో పెట్టుకుంది. నేను మళ్లీ బేరం ఆడబోయాను, నాలుక కొరుక్కున్నాను.

"నానమ్మా, భోజనానికి దయచేయండి," అంది.

ఆగింది. అత్తయ్య కళ్లలోకి చూస్తూ ఆగింది.

"ఆఁ, తినమ్మా," అంది అత్తయ్య.

"నాన్నా, భోజనానికి దయచేయండి." మళ్లీ ఆగింది. ఖాయ్ తడబడ్డాడు. ఆయన ఎప్పుడూ తల ఊపి ఊరుకునేవాడు. "ఆఁ... ఆఁ, తిను," అన్నాడు.

"అమ్మా, భోజనానికి దయచేయండి."

దాని చూపు నా మీద ఆగింది. నేను పలికేదాకా కదిలేలా లేదు. "తిను బంగారూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇన్నేళ్లూ ఈ మాటకు నేను జవాబు ఎప్పుడైనా ఇచ్చానా, లేక కూర గిన్నె జరుపుతూ ఊఁ కొట్టానా?

అయిపోయిందనుకున్నాను. నేను నా వంతు పిలవడానికి నోరు తెరిచాను. మియెన్ ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యి ఎత్తింది.

"తెయో చిన్నతాతయ్యా," అంది, తలుపు అవతల వాకిట్లో ఎవరో నిలబడినట్టు అటు తిరిగి. "మీరు కూడా భోజనానికి దయచేయండి."

అత్తయ్య చాప మీద కాస్త పక్కకు జరిగింది.

చిన్నతాతయ్య! అరవై ఎనిమిదేళ్లుగా అత్తయ్య నోట్లో ఆ తమ్ముడు నాలుగేళ్లవాడు. గంజిగిన్నె పట్టుకుని పడవ మీద నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. నా కూతురు ఒక్క మాటతో వాడికి డెబ్బై రెండేళ్లు తెచ్చింది. తల నెరిసేలా చేసింది. ఈ ఇంట్లో పిలిపించుకోవలసిన పెద్దవాణ్ని చేసి, వరసలో వాడి చోట వాణ్ని కూర్చోబెట్టింది. మూడుసార్లు పిలిచి జవాబు రానివాడికి, ఇవాళ ఎదురు పిలుపు వచ్చింది.

ఇది దానికి ఎవరు నేర్పారు? నేను కాదు. ఆ బడి కాదు. నేను దాన్ని ఎంతమంది మాస్టార్ల దగ్గరకు తిప్పాను, ఎంత దూరాలు బస్సుల్లో తీసుకెళ్లాను! అది లెక్క చేసిన ప్రతిసారీ నేను ఆశ్చర్యపోయాను. ఇది ఆ ఆశ్చర్యం కాదు. చీకటిగదిలో గుడ్డు తిప్పుతుంటే ఒక్కోసారి లోపల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. ఆవగింజంత ఉంటుంది. ఎన్ని వేలసార్లు చూసినా చెయ్యి ఆగిపోతుంది. ఇప్పుడు కూడా అలాగే ఆగిపోయింది.

నేను పిలిచాను. ఖాయ్ పిలిచాడు. అత్తయ్య పెదవులు కదిలాయి. ఈసారి నేను లెక్కపెట్టాను. పది. తర్వాత ఆగి, వాకిలి వైపు తిరిగి, అందరికీ వినపడేలా పైకి అంది.

"వచ్చావా? తిను నాన్నా."

పుల్లలు ఎత్తింది. మొదటి ముద్ద చాలాసేపు నమిలింది.

"చేపలో ఉప్పు ఎక్కువేశావే, థొవా," అంది నాతో.

ఆ తిట్టు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

*

బస్సు దగ్గరకు అత్తయ్య కూడా బయలుదేరింది. వద్దంటే వినలేదు. ఎర్రేటి గట్టు మీద సన్నగా తుంపర. మనవరాలి చెయ్యి పట్టుకుని, తాంబూలం నములుతూ, ఆగి ఆగి నడిచింది. నేను వెనక సంచి మోస్తూ నడిచాను.

గట్టు మలుపు దగ్గర మియెన్ ఆగింది.

"నానమ్మా, నేను లెక్క తప్పు చెప్పా."

"నువ్వా?"

"హాస్టల్లో ఎవరూ పలకలేదన్నాను కదా. ఏడుగుర్ని పిలిచా. నవ్వింది ఆరుగురు." దాని కళ్లు నేల మీద ఉన్నాయి. "ఒక పిల్ల పలికింది. 'ఆఁ, తినక్కా' అంది. చిన్నగా. కొండల మీది నుంచి వచ్చిన పిల్ల. కెమిస్ట్రీ క్లాసు. ఇంటి నుంచి తెచ్చుకున్న నువ్వుల ఉప్పుపొడి తప్ప అన్నంలోకి ఏమీ ఉండదు. మంచం మీద గోడవైపు తిరిగి తింటుంది. అలా తిరిగే పలికింది. నాకు వినపడింది."

"మరి నువ్వేమన్నావు?"

"నేను... నవ్వేవాళ్లను లెక్కపెడుతున్నా."

తుంపర కాస్త జోరయింది. దూరంగా బస్సు హారన్.

"ఇప్పటికీ గోడవైపు తిరిగే తింటోందా?"

"ఊఁ."

"పేరేమిటి ఆ పిల్లకు?"

మియెన్ బస్సు వచ్చే వైపు తిరిగింది. బస్సు వచ్చి బురద చిమ్ముతూ ఆగింది. నేను సంచి లోపలికి అందించాను. మియెన్ మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"గోడ," అంది.

"అదేం పేరే?"

"అందరూ అలాగే పిలుస్తారు. మొదటి వారం నుంచీ."

"అందరూనా?" అంది అత్తయ్య.

నా కూతురి పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

"ఎక్కుతావా, దిగుతావా పాపా?" కండక్టరు తలుపు మీద చరిచాడు. అది ఎక్కింది. అద్దం మీద నీటి చుక్కల వెనక దాని మొహం కనిపించలేదు.

రేపటి పరీక్ష గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదని, బస్సు కనుమరుగయ్యాక గుర్తొచ్చింది. ఫోన్ తీశాను. మళ్లీ జేబులో పెట్టేశాను.

బస్సు పట్నం చేరేసరికి ఐదున్నర. హాస్టల్లో అన్నం గంట ఆరింటికి. ఒక పేరు అడగడానికి దాని చేతిలో అరగంట ఉంది.